సత్యాన్వేషి జాన్ స్నో

పదిమంది పెద్దలు కలిసి ఒక మాట చెప్పునపుడు దానిని కాదనుట కష్టము. ఆ చెప్పువారు విద్యావంతులును, అధికారులును ఐనచో దానిని ప్రశ్నించువాని పని మరింత కష్టము. ఐనను ఒక మాట సత్యమగునా కాదా అనునది దానిని చెప్పువారి సంఖ్యను బట్టి గాని, వారి హోదాను బట్టి గాని తేలదు. దానికిగల ఆధారమును బట్టియే తేలును. ఈ సంగతిని తన జీవితముచేత చూపిన మహనీయులలో ఇంగ్లండు దేశపు వైద్యుడు జాన్ స్నో ఒకడు. కలరా వ్యాధి త్రాగునీటి మూలమున వ్యాపించునని ఆయన తగిన సాక్ష్యములతో నిరూపించెను. కాని ఆయన బ్రతికియున్న కాలమున ఆ మాటను నమ్మినవారు మిక్కిలి తక్కువ.

కలరా పేరు వినినంతనే ఒకప్పుడు ప్రజలు గడగడ వణకెడివారు. మన తెలుగు పల్లెలలో దీనిని కొన్నిచోట్ల గత్తర యనియు, కొన్నిచోట్ల మహమ్మారి యనియు పిలిచెడివారు. ఉదయము ఆరోగ్యముతో పనికి పోయిన మనిషి చీకటి పడునప్పటికి ప్రాణములు విడుచుట నాడు వింత కాదు. వాంతులును, విరేచనములును ఎడతెగక పట్టి, దేహములోని నీరంతయు పోయి, కన్నులు లోతుకు పోయి, చర్మము నీలివన్నెకు తిరిగి, రోగి కొలది గంటలలోనే మరణించును. గంగానదీ ముఖద్వార ప్రాంతమున చిరకాలముగా నున్న ఈ వ్యాధి 1817వ సంవత్సరమున వంగదేశమున విజృంభించి, ఓడలతోను, సైన్యములతోను దేశదేశములకు ప్రాకెను. 1831వ సంవత్సరమున అది ఇంగ్లండు ఉత్తరభాగమున నున్న సండర్లాండు రేవులో కాలు మోపెను.

జాన్ స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండులోని యార్కు నగరమున జన్మించెను. తండ్రి కూలిపని చేసి కుటుంబమును పోషించెడివాడు. తొమ్మండుగురు బిడ్డలలో జాన్ పెద్దవాడు. వారి ఇల్లు ఊజ్ నదికి చేరువగా బీదల పేటలో నుండెను. తల్లిదండ్రులు పేదలైనను కుమారుని చదువు మాన్పింపలేదు. బాలునకు గణితమునందు మిక్కిలి ఆసక్తి యుండెను. లెక్కలమీది ఈ ప్రీతియే తరువాతి కాలమున ఆయనకు గొప్ప ఆయుధమాయెను.

పదునాలుగవ యేట జాన్ న్యూకాసిల్ నగరమునకు పోయి, ఒక వైద్యునియొద్ద శిష్యుడుగా చేరెను. ఆ కాలమున వైద్యము నేర్వగోరు బాలురు గురువును ఆశ్రయించి, మందులు కలుపుచు, రోగుల ఇండ్లకు తిరుగుచు విద్య గడించెడివారు. సండర్లాండులో దిగిన కలరా న్యూకాసిల్ పరిసరములకు వ్యాపించినపుడు జాన్‌కు పదునెనిమిది సంవత్సరములు. కిల్లింగ్‌వర్తు అను ఊరి బొగ్గుగనులలో పనివారు గుంపులుగా మరణించుచుండిరి. గురువు జాన్‌ను అచటికి పంపెను. ఆ యువకుడు రాత్రింబవళ్ళు శ్రమించి రోగులకు సేవచేసెను. కాని నాటి మందులలో ఏదియు కలరాకు పనిచేయలేదు. ఆ గనులలో పనివారు పొద్దంతయు భూమి లోపలనే యుండి, మలవిసర్జనము అచటనే చేసి, చేతులు కడుగుకొను వీలులేక ఆ చేతులతోనే తిండి తినెడివారు. ఈ విషయమును జాన్ మరచిపోలేదు. ఇరువది సంవత్సరముల తరువాత తాను వ్రాసిన గ్రంథములో దీనిని ముఖ్యమైన సాక్ష్యముగా చేర్చెను.

జాన్ స్నో నడవడి నిరాడంబరమైనది. పదునేడవ యేటనే ఆయన మాంసాహారమును విడిచెను. బహుకాలము మద్యమును ముట్టలేదు. ఆవిరిపట్టి శుద్ధిచేసిన నీటినే త్రాగెడివాడు. వివాహము చేసికొనలేదు. 1836వ సంవత్సరమున పై చదువు నిమిత్తము కాలినడకన లండను నగరమునకు బయలుదేరెను. అచట కష్టపడి చదివి, 1838వ సంవత్సరమున శస్త్రవైద్యుడుగా అర్హత పొంది, 1844వ సంవత్సరమున లండను విశ్వవిద్యాలయమునుండి వైద్యశాస్త్రములో ఉన్నతపట్టమును గడించెను. సోహో అను పేటలో నివాసమేర్పరచుకొని వైద్యవృత్తి సాగించెను.

1846వ సంవత్సరమున రోగికి ఈథరు అను మందు వాసన చూపి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయు పద్ధతి అమెరికానుండి ఇంగ్లండునకు వచ్చెను. అందరును దానిని ఉత్సాహముతో వాడజొచ్చిరి గాని, ఎంత మోతాదు ఇయ్యవలెనో తెలియక కొందరు రోగులను ప్రమాదములో పడవేసిరి. స్నో ఆ విషయమును శ్రద్ధతో పరిశీలించి, గాలి వేడిమిని బట్టి అందులో ఎంత ఈథరు ఆవిరి కలియునో లెక్కగట్టి, మోతాదును అదుపులో నుంచు పరికరమును సిద్ధము చేసెను. పిమ్మట క్లోరోఫారమును గూర్చియు అట్లే పరిశోధించెను. 1853వ సంవత్సరమున విక్టోరియా రాణి ప్రసవ సమయమున ఆమెకు క్లోరోఫారము నిచ్చుటకు స్నోనే పిలిపించిరి. దీనిచేత ఆయన పేరు ప్రఖ్యాతమాయెను. ఆయన కోరినచో ఆ కీర్తితో సుఖముగా కాలము గడుపవచ్చును. కాని యౌవనమున గనులవద్ద చూచిన మరణములు ఆయన మనస్సును విడువలేదు.

కలరా ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు నాటి విద్వాంసులలో పెక్కుమంది ఒకటే సమాధానము చెప్పెడివారు. కుళ్ళిన పదార్థములనుండి దుర్వాయువు పుట్టును. ఆ గాలిని పీల్చినవారికి వ్యాధి తగులును. ఇదియే వారి సిద్ధాంతము. ఇది వినుటకు సమంజసముగనే యుండెను. బీదల పేటలలో దుర్వాసన ఎక్కువ, వ్యాధులును ఎక్కువ. కావున దుర్వాసనయే వ్యాధికి మూలమని తలచిరి. రెండు విషయములు ఒకేచోట కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు అను సూక్ష్మమును వారు గమనింపలేదు.

ఈ పొరపాటు పుస్తకములలోనే నిలిచిపోలేదు. ప్రభుత్వపు పనులలోనికిని ప్రవేశించెను. నగర ఆరోగ్యశాఖను నడుపుచున్న ఎడ్విన్ చాడ్విక్ మొదలగువారు ప్రజాక్షేమము కోరినవారే. ఇండ్లక్రింది మురుగుగుంటల దుర్వాసన పోగొట్టిన కలరాయు పోవునని వారు గట్టిగా నమ్మిరి. కావున ఆ గుంటలలోని మాలిన్యమును కాలువలద్వారమున థేమ్సు నదిలోనికి త్రోయించిరి. నగరములో ఎన్నో వేల కుటుంబములవారు ఆ నది నీటినే త్రాగుచుండిరి. గాలిని శుభ్రపరుపబోయి నీటిని విషతుల్యము చేసిరి. 1848, 1849 సంవత్సరములలో కలరా మరల వచ్చి, ఒక్క లండనులోనే సుమారు 14,000 మందిని పొట్టపెట్టుకొనెను.

స్నో ఇట్లు ఆలోచించెను. వ్యాధి గాలినుండి వచ్చునదైనచో ముందుగా ఊపిరితిత్తులకు గదా సోకవలెను? కలరా రోగికి మొదట చెడునది కడుపు. కావున ఆ విషము నోటిద్వారమున కడుపులోనికి పోవుచుండవలెను. అది రోగి విసర్జించిన మలమునందుండి, ఏదో విధముగ నీటిలో కలిసి, ఆ నీటిని త్రాగిన ఆరోగ్యవంతుల కడుపులో చేరుచుండవలెను. దుర్వాసనలో నిరంతరము పనిచేయువారికి వ్యాధి రాకుండుటయు, శుభ్రమైన వీధులలో నివసించువారికి వచ్చుటయు అప్పుడే అర్థమగును. ఈ అభిప్రాయమును 1849వ సంవత్సరమున ఆయన ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. వైద్యలోకము దానిని పెద్దగా పట్టించుకొనలేదు. ఊహ బాగుగనే యున్నది గాని నిదర్శనము చాలదని కొందరు పలికిరి. స్నో దానికి కోపగింపలేదు. నిదర్శనము చాలదనుట న్యాయమైన ఆక్షేపణమని గ్రహించి, నిదర్శనమును వెదకుటకు పూనుకొనెను.

1854వ సంవత్సరమున కలరా తిరిగి లండనులో ప్రవేశించెను. నగరము దక్షిణభాగమున రెండు కంపెనీలు గొట్టములద్వారమున ఇండ్లకు నీరు సరఫరా చేయుచుండెను. సదర్కు-వాక్సాలు కంపెనీ నగరపు మురుగు కలియు చోటనే థేమ్సు నీటిని తోడుచుండెను. లాంబెత్ కంపెనీ మాత్రము 1852వ సంవత్సరమున తన యంత్రములను నదికి ఎగువకు మార్చి, నగరపు మురుగు చేరని నీటిని తెచ్చుచుండెను. అనేక వీధులలో ఈ రెండు కంపెనీల గొట్టములు ప్రక్కప్రక్కన పోవుచుండెను. ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, పొరుగింటికి మరియొక కంపెనీ నీరు. ధనికులు, పేదలు, పెద్ద ఇండ్లు, చిన్న ఇండ్లు అను భేదము లేకుండ మూడు లక్షలకు పైబడిన జనము ఇట్లు రెండు వర్గములుగా విడిపోయియుండిరి. వారు పీల్చు గాలి ఒక్కటే. త్రాగు నీరు మాత్రము వేరు. ఏ శాస్త్రవేత్తయు తన చేతులతో ఏర్పరుపజాలని గొప్ప పరీక్ష తనంతట తానే సిద్ధమై యున్నదని స్నో గుర్తించెను.

ఆయన కలరా మరణము సంభవించిన ఇంటింటికి పోయి, ఆ ఇంటికి ఏ కంపెనీ నీరు వచ్చుచున్నదో విచారించెను. చాలమందికి తమ కంపెనీ పేరే తెలియదు. అట్టి ఇండ్ల నీటిని చిన్న సీసాలలో పట్టి, సిల్వరు నైట్రేటు కలిపి పరీక్షించెను. సదర్కు కంపెనీ నీటిలో ఉప్పు లాంబెత్ నీటికంటె సుమారు నలువది రెట్లు ఎక్కువగా నుండుటచే ఆ పరీక్షతో కంపెనీ ఏదో సులభముగా తెలిసెను. మొదటి ఏడు వారముల లెక్కలు తేలినవి. సదర్కు-వాక్సాలు కంపెనీ నీరు పొందు 40,046 ఇండ్లలో 1,263 మంది మరణించిరి. లాంబెత్ నీరు పొందు 26,107 ఇండ్లలో మరణించినవారు 98 మంది మాత్రమే. అనగా పదివేల ఇండ్లకు ఒకచోట 315 మరణములు, మరియొకచోట 37 మరణములు.

ఈ పని సాగుచుండగనే స్నో ఇంటికి చేరువనే ఘోరమైన ఉత్పాతము సంభవించెను. ఆగష్టు 31వ తేదీ రాత్రి సోహోలోని బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా ఒక్కపెట్టున విరుచుకొని పడెను. మూడు దినములలో 127 మంది మరణించిరి. పది దినములలో మృతుల సంఖ్య 500 దాటెను. చేతనైనవారెల్ల ఇండ్లు విడిచి పారిపోయిరి. వీధులు పాడువడినట్లుండెను. అట్టి సమయమున స్నో ఆ వీధులలోనికి పోయెను. బ్రాడ్ వీధిలో జనులు నీరు కొట్టుకొను ఒక చేతిపంపు కలదు. ఆయన అనుమానము దానిపై పడెను. నీటిని తీసి చూడగా పైకి దోషమేమియు స్పష్టముగా కనబడలేదు. అంతట ఆయన జనన మరణములు నమోదుచేయు కార్యాలయమునకు పోయి, ఆ పేటలో వెనుకటి మూడు దినములలో కలరాతో మరణించిన 83 మంది వివరములను సేకరించెను. వారిలో 73 మంది ఆ పంపునకు దగ్గరగా నివసించినవారు. వారిలో 61 మంది ఆ పంపు నీటిని త్రాగుచుండిరని బంధువులు చెప్పిరి. మరియొక పంపునకు దగ్గరగా నున్న పదిమంది మాటయేమి? వారిలో ఐదుగురి కుటుంబములవారు బ్రాడ్ వీధి నీరే బాగుండునని అచటినుండియే తెప్పించుకొనెడివారు. ముగ్గురు పిల్లలు ఆ పంపు సమీపముననున్న పాఠశాలకు పోవువారు.

తన మాటకు అనుకూలమైన సాక్ష్యమును మాత్రమే ఏరుకొనువాడు సత్యాన్వేషి కాడు. స్నో తన అభిప్రాయమునకు విరుద్ధముగా తోచు సంగతులను పనిగట్టుకొని వెదకెను. ఆ పంపునకు చేరువనే ఒక బీదల ఆశ్రమము కలదు. చుట్టుప్రక్కల ఇండ్లలో మరణములు సంభవించుచుండగా అందులోని 535 మందిలో ఐదుగురు మాత్రమే కలరాతో మరణించిరి. విచారింపగా ఆ ఆశ్రమమునకు సొంత బావి యున్నట్లును, వారు బ్రాడ్ వీధి నీరు తెచ్చుకొననట్లును తెలిసెను. బ్రాడ్ వీధిలోనే బీరు తయారుచేయు కర్మాగారము ఒకటి యుండెను. అందలి డెబ్బదిమంది పనివారిలో ఒక్కడును మరణింపలేదు. వారు తమ బీరును, తమ ఆవరణలోని బావి నీటిని తప్ప పంపు నీటిని త్రాగుటలేదు.

ఇక దూరముగా నున్న హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధ వితంతువు కలరాతో మరణించెను. అచట మరెవ్వరికిని ఆ వ్యాధి లేదు. ఆమె కొన్ని నెలలుగా బ్రాడ్ వీధి ముఖము చూడలేదు. దీనికి కారణమేమని స్నో ఆరా తీసెను. ఆమె పూర్వము ఆ వీధిలో నివసించి, ఆ పంపు నీటి రుచికి అలవాటుపడి, ప్రతిదినము బండిపై ఒక సీసా నీటిని తెప్పించుకొనుచుండెను. ఆగష్టు 31వ తేదీన తెచ్చిన నీటిని త్రాగి ఆమె జబ్బుపడెను. ఆమెను చూడవచ్చిన మేనకోడలు కూడ ఆ నీటిని త్రాగి, ఇస్లింగ్టనులోని తన ఇంటికి పోయి మరణించెను. బ్రాడ్ వీధి గాలి ఆ ఊళ్ళకు పోలేదు, నీరు పోయెను.

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలమున ఆ పేట పాలకసంఘము సమావేశమై యుండగా స్నో వారి యెదుట నిలిచి తన లెక్కలను వివరించెను. ఆ సభ్యులు ఆయన సిద్ధాంతమును పూర్తిగా నమ్మిరని చెప్పలేము. ఐనను జనులు చచ్చుచున్న వేళ ఆ మాటను త్రోసివేయుట తగదని తలచి, మరునాడు పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే చాలమంది పారిపోవుటచే వ్యాధి తగ్గుముఖము పట్టియుండెను. పిడి తీసినందువలననే వ్యాధి ఆగినదని స్నో గొప్పలు చెప్పుకొనలేదు. అది ముందే తగ్గుచుండెనని తన గ్రంథములో తానే స్పష్టముగా వ్రాసెను. తన విజయమును తానే తగ్గించి చెప్పుకొనుటలో ఆయన నిజాయితీ వెల్లడియగుచున్నది.

మరుసటి సంవత్సరమున ప్రభుత్వ ఆరోగ్యమండలి నియమించిన విద్వాంసుల సంఘము ఈ విషయమును విచారించి, స్నో మాటను అంగీకరించుటకు కారణము కనబడలేదని నిర్ణయించెను. హాంప్‌స్టెడ్ వృద్ధురాలి మరణము వారి యెదుట పెద్ద చిక్కుగా నిలిచెను. దానికి వారు చెప్పిన సమాధానము విచిత్రమైనది. ఆ పేట గాలిలోని దోషమే నీటికి కూడ సోకియుండవచ్చునని వారు వ్యాఖ్యానించిరి. ఇందులోని లోపమును మనము జాగ్రత్తగా గమనింపవలెను. ఏ సాక్ష్యము వచ్చినను దానిని తమ సిద్ధాంతమునకే అనుకూలముగ త్రిప్పుకొనినచో ఆ సిద్ధాంతము తప్పని తెలిసికొను మార్గమే యుండదు. వారు మూర్ఖులు కారు, దుర్మార్గులును కారు. ముందుగా నిర్ణయమునకు వచ్చి, పిమ్మట సాక్ష్యమును చూచుటయే వారు చేసిన తప్పు.

అదే కాలమున ఆ పేటలోనే మరియొక మనుష్యుడు ఇందుకు భిన్నమైన త్రోవ త్రొక్కెను. ఆయన పేరు హెన్రీ వైట్‌హెడ్. ఆ పేట చర్చిలో మతాచార్యుడు. వయస్సు ముప్పది సంవత్సరములకు లోపు. వ్యాధి చెలరేగిన దినములలో పారిపోక ఇంటింటికి తిరిగి జనులను ఓదార్చినవాడు. స్నో మాట తప్పని ఆయనకు గట్టి నమ్మకము. పంపు నీరు త్రాగియు బ్రతికినవారిని ఆయన ఎరుగును. కావున ఆ సిద్ధాంతమును ఖండింపవలెనని పూనుకొని, తనకు పరిచయమైన ప్రతి ఇంటికి మరల మరల పోయి, ఎవరు ఆ నీటిని త్రాగిరో, ఎవరు త్రాగలేదో వ్రాసికొనెను. నీరు త్రాగిన 137 మందిలో 80 మందికి కలరా సోకినట్లును, త్రాగని 297 మందిలో 20 మందికి మాత్రమే సోకినట్లును తేలెను. ఖండింపబోయినవానికి ఆ లెక్కలే స్నో చెప్పినది నిజమని చాటెను. వైట్‌హెడ్ తన అభిప్రాయమును మార్చుకొనుటకు సిగ్గుపడలేదు.

అంతటితో ఆయన ఆగలేదు. మరణముల పట్టికను తిరుగవేయుచుండగా బ్రాడ్ వీధి 40వ నంబరు ఇంట ఒక పసిబిడ్డ విరేచనములతో మరణించినట్లు కనబడెను. ఆ బిడ్డకు జబ్బు చేసినది ఉత్పాతము చెలరేగుటకు కొలది దినములు ముందు. ఆ ఇల్లు సరిగా పంపు ఎదుటనే యుండెను. తల్లిని అడుగగా బిడ్డ గుడ్డలను ఉతికిన నీటిని ఇంటి ముందరి మురుగుగుంటలో పోసితినని చెప్పెను. అధికారులు ఆ గుంటను త్రవ్వించి చూచిరి. దాని ఇటుకల గోడ శిథిలమైయుండెను. అది బావికి మూడు అడుగుల దూరములోనే యుండెను. మాలిన్యము మట్టిలోగుండ బావిలోనికి ఊరుచుండెను. ఆ బిడ్డ తండ్రి కూడ సెప్టెంబరు 8వ తేదీననే, అనగా పంపు పిడి తీసిన దినముననే, కలరా పాలయ్యెను. పిడి తీయకుండినచో ఆ బావి మరల విషమయమై రెండవ ఉత్పాతము సంభవించియుండెడిది. పాలకసంఘము చేసిన పని ఎంత మేలైనదో ఇట్లు తెలియవచ్చెను.

స్నో తన పరిశోధనలన్నిటిని చేర్చి 1855వ సంవత్సరమున పెద్ద గ్రంథముగా వెలువరించెను. దానికి రెండు వందల పౌనులకు మించి సొంత ధనమును వెచ్చించెను. ఒక పౌనుకు ఇరువది షిల్లింగులు. అమ్మకముమీద ఆయనకు తిరిగివచ్చినది రెండు వందల షిల్లింగులైనను లేదు. ఐనను ఆయన నిరుత్సాహపడక రోగులను చూచుచు, పరిశోధనలు సాగించుచు వచ్చెను. 1858వ సంవత్సరము జూన్ నెలలో క్లోరోఫారమును గూర్చిన గ్రంథమును వ్రాయుచుండగా హఠాత్తుగా జబ్బుపడి, ఆ నెల 16వ తేదీన నలువదియైదవ యేట కన్నుమూసెను. ప్రసిద్ధమైన వైద్యపత్రిక లాన్సెట్ ఆయన మరణవార్తను నాలుగు మాటలలో ముగించి, కలరాపై ఆయన చేసిన కృషిని ప్రస్తావింపనైన లేదు. ఆ లోపమును అదే పత్రిక 2013వ సంవత్సరమున, ఆయన పుట్టిన రెండు వందల యేండ్లకు, సవరించుకొనెను.

ఆయన మరణించిన వేసవిలోనే థేమ్సు నది భరింపరాని దుర్గంధముతో నిండెను. పార్లమెంటు సభ్యులు సభలో కూర్చుండలేకపోయిరి. వెంటనే వారు ధనము మంజూరుచేయగా జోసెఫ్ బజల్‌గెట్ అను ఇంజనీరు నగరపు మురుగును దిగువకు కొనిపోవు పెద్ద కాలువలను కట్టించెను. దుర్వాసనను పోగొట్టుటకు చేసిన పని నీటిని శుభ్రపరచెను. కాలువలు ఇంకను పూర్తికాని తూర్పు లండనులో 1866వ సంవత్సరమున మరల కలరా వచ్చెను. ప్రభుత్వ గణాంకములను చూచు విలియం ఫార్ పూర్వము దుర్వాయువునే నమ్మినవాడు. ఈ సారి ఆయన మృతుల ఇండ్లకు నీరిచ్చు కంపెనీ ఏదో మొట్టమొదటనే పరిశీలించి, దోషము ఒక కంపెనీ జలాశయములో నున్నదని పట్టుకొనెను. ఫార్ కూడ వైట్‌హెడ్ వలెనే సాక్ష్యమునకు తలయొగ్గెను. 1884వ సంవత్సరమున జర్మను శాస్త్రవేత్త రాబర్టు కోక్ మన కలకత్తా నగరమున పరిశోధనలు జరిపి, కలరాకు కారణమైన సూక్ష్మజీవిని వేరుచేసి చూపెను. దానిని ఇటలీలో ఫిలిప్పో పచీని 1854వ సంవత్సరముననే సూక్ష్మదర్శనిలో చూచియుండెను గాని ఆయన మాటను కూడ లోకము వినలేదు.

సత్యము ఎప్పటికైనను జయించునని ఊరక కూర్చుండరాదు. అది ఆలస్యమైన కొలది మనుష్యులు మరణింతురు. జర్మనీలోని హాంబర్గు నగరపాలకులు నది నీటిని వడపోయకయే ప్రజలకు ఇచ్చుచుండిరి. 1892వ సంవత్సరమున అచట కలరా 8,600 మందికి పైగా బలిగొనెను. ప్రక్కనే యున్న ఆల్టోనా పట్టణము ఆ నది నీటినే ఇసుకలో వడగట్టి ఇచ్చుటచేత చాలవరకు తప్పించుకొనెను. స్నో గ్రంథము వెలువడి అప్పటికి ముప్పది యేడు సంవత్సరములు.

నేడు లండనులోని ఆ వీధిని బ్రాడ్విక్ వీధి యందురు. అచట స్నో స్మారకముగా పిడి లేని పంపు నొకటి నిలిపిరి. మనకు ఆయన జీవితము నేర్పు పాఠము కలరాకు సంబంధించినది మాత్రమే కాదు. ఊరి నీటిని గూర్చి, పంటను గూర్చి, వైద్యమును గూర్చి పెద్దలు నిర్ణయములు చేయునపుడు, ఆ మాటకు ఆధారమేమని అడుగుట అవినయము కాదు, పౌరుని ధర్మము. అడుగువాడు తన అభిప్రాయమును కూడ అట్లే పరీక్షించుకొనవలెను. ప్రతికూలమైన సాక్ష్యమును దాచరాదు. తప్పని తేలినపుడు ఒప్పుకొనవలెను. స్నో వంటి పరిశోధకులు ఏ కాలమునందైనను కొద్దిమందియే యుందురు. కాని వైట్‌హెడ్ వలె సాక్ష్యమును చూచి మనస్సు మార్చుకొనుట మనలో ప్రతివారికిని సాధ్యమే. అట్టివారు ఎక్కువగానున్న సమాజమున సత్యమునకు స్థానమును, ప్రజల ప్రాణములకు రక్షణమును కలుగును.